కప్పకు కాపలా కాసిన పిల్ల

నేను ఒక గుడ్డ కప్పను. విజయనగరం దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ నడిపే వరహాలమ్మ టీచరు తన పాత ఆకుపచ్చ జాకెట్టు కత్తిరించి, లోపల ఊకా గుప్పెడు చింతపిక్కలూ కూరి, రెండు నల్ల బొత్తాలు కళ్లుగా కుట్టి నన్ను చేసింది.

నా ఉద్యోగం గాల్లో ఎగరడం. టీచరు సిమెంటు నేల మీద సుద్దముక్కతో తామరాకులు గీసి, చివరి ఆకు మీదికి నన్ను విసిరేది. పిల్లలు గొంతుక్కూర్చుని, "బెకబెక" అంటూ ఆకు నుంచి ఆకుకు గెంతుకుంటూ వచ్చి నన్ను పట్టుకోవాలి. గీత తొక్కితే నీళ్లలో పడ్డట్టే. పడ్డవాళ్లే ఎక్కువ నవ్వేవారు.

పైడితల్లికి అప్పుడు నాలుగేళ్లు. పుట్టుకతోనే ఎడమ పాదం లోపలికి తిరిగి ఉండేది. అయినా మొదటి రోజే వచ్చి వరసలో నిలబడింది.

"నానూ గెంతుతాను టీచరమ్మా."

"వద్దు తల్లీ, పడిపోతావు. నువ్విలా నా పక్కన కూకో. మన కప్పని నువ్వే కాయాల. నువ్విస్తేనే నాను ఇసురుతాను, సరేనా?"

పిల్ల సరేనంది. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ అది చూసి, "ఎంత బాగా చూసుకుంటున్నావు వరహాలమ్మా!" అని మెచ్చుకుంది. ఎదుటివాళ్లను కూర్చోబెట్టే దయంటే మనుషులకు మహా ఇష్టం. నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. ఎవరు గెంతినా ఆ పిల్ల వేళ్లు నా కాళ్లను గట్టిగా నొక్కేవి.

ఒక మధ్యాహ్నం గుడ్డూ అన్నమూ తిని పిల్లలంతా చాపల మీద నిద్రపోయారు. టీచరు పెరట్లో గిన్నెలు ఆరబెడుతోంది. పైడితల్లి మెల్లగా లేచి, నన్ను నాలుగో ఆకు మీద పెట్టి, వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని గెంతింది. పడింది. మోచెయ్యి తుడుచుకుని మళ్లీ గెంతింది. ఒక ఆకు దాటింది, రెండోది దాటింది. మూడోదాని మీద ఊగుతూ నిలబడి, ఎవరికీ వినపడకుండా "బెక" అంది. ఇంకొక్క గెంతు గెంతితే నా దగ్గరికి వచ్చేసేది.

అప్పుడే టీచరు లోపలికొచ్చి, కెవ్వుమని అరిచి, పరుగున వచ్చి పిల్లను ఎత్తుకుంది.

"కాలిరిగితే మీ అమ్మకి నానేటి సెప్పాల? ఎవలు గెంతమన్నారు నిన్ను?"

అది కోపం కాదు, భయం. నాలుగేళ్ల పిల్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆ సాయంత్రమే నన్ను బీరువా మీదికి ఎక్కించేశారు. తడిగుడ్డతో ఆకులు తుడిచేశారు. పైడితల్లి మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

పదిహేడేళ్లు దుమ్ములో ఉన్నాను. రిటైరయిన రోజున టీచరు బీరువా దులుపుతుంటే చేతికి తగిలాను. నా మీది దుమ్మంతా కొంగుతో తుడిచింది. మర్నాడే సంచిలో వేసుకుని పైడితల్లి ఇంటికి వెళ్లింది.

పైడితల్లి అరుగు మీద బట్టలు కుడుతోంది. టీచరును చూసి సంబరంగా లేచి కుర్చీ వేసింది, టీ తెచ్చింది. నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"బలే ఉంది. ఎవలు కుట్టారు టీచరమ్మా?"

నన్ను గుర్తుపట్టలేదు.

"ఆ రోజు నిన్ను గెంతనివ్వాల్సింది తల్లీ," అంది వరహాలమ్మ. "నానే ఆపీసాను."

పైడితల్లి నవ్వింది. "నానెప్పుడు గెంతాను టీచరమ్మా? బడిలో ఆటలప్పుడు కూడా పిల్లల సెప్పులూ సంచులూ నానే కాసీదాన్ని. గెంతితే పడిపోతాను గదా. టీ తాగండి, సల్లారిపోతంది."

వరహాలమ్మ గ్లాసు చేతిలో పట్టుకుంది గానీ తాగలేకపోయింది. వెళ్తూ వెళ్తూ నన్ను అక్కడే వదిలేసింది.

ఇప్పుడు నేను కుట్టుమిషను బల్ల మీద ఉంటాను. పైడితల్లి నా వీపున సూదులు గుచ్చుకుంటుంది. ఆమె చేతిలో పని ఎంత చక్కగా సాగుతుందో రోజూ చూస్తాను. నాలుగేళ్ల వయసులో, ఒక మధ్యాహ్నం, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆమె మూడో ఆకు దాకా వచ్చింది. ఆ సంగతి ఆమెకే తెలియదు. నాకు తెలుసు. చెప్పలేను.