తువ్వాల కింద చాసిస్

రోబోకు చాసిస్ గీయడం పెద్ద పనేం కాదు. దానికి రవిని ఒప్పించడమే అసలు ఇంజనీరింగు.

వనపర్తిలో మేం చదివే కాలేజీలో రోబో టీమంటే ముగ్గురమే: నేను, రవి, ఇమ్రాన్. మా మీద జయశ్రీ మేడం. నాగర్‌కర్నూల్‌లో జరిగే పోటీలో రోబో ఇసుక సంచుల్ని నెట్టుకుంటూ పోయి వాలుబల్ల మీదికి ఎక్కించాలి. ఎదుటివాళ్ల రోబో చూస్తూ ఊరుకోదు, అడ్డం వచ్చి గుద్దుతుంది. కాబట్టి ఈ ఆటలో చేతులకంటే కాళ్లే ముఖ్యం. రోబోకు కాళ్లంటే చక్రాలు, వాటిని తిప్పే మోటార్లు, వీటన్నిటినీ మోసే చట్రం. ఆ చట్రమే చాసిస్.

రవి నాలుగు చక్రాలు గీశాడు, చక్రానికో మోటారు. నేను ఆరు చక్రాలు గీశాను, మోటార్లు మాత్రం రెండే. ఒక్కో పక్క ఒక్క మోటారే గొలుసులతో మూడు చక్రాలనూ తిప్పుతుంది. నడిమి చక్రాల జత మిగతావాటికంటే కాస్త కిందికి ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బరువంతా వాటి మీద పడి రోబో సులువుగా తిరుగుతుంది. కాకపోతే ఊరికే నిలబెట్టినప్పుడు ముందుకో వెనక్కో కొంచెం ఊగుతుంది. రవి వచ్చినప్పుడల్లా దాన్ని వేలితో నొక్కి ఊపేవాడు.

"నీ రోబోకు నడుము నొప్పా ఏంది సింధూ?"

"నీ నోటికి నొప్పి రాదా ఎప్పుడూ?" అనేదాన్ని.

ఈ గొడవ వినీ వినీ మేడానికి విసుగొచ్చింది. "ఈసారి సింధూజ చాసిస్. ఫైనల్ దాకా పోకపోతే వచ్చే ఏడు రవిది. ఇంక నా తల తినకండి," అని తేల్చేసింది. నాకు కప్పు వచ్చినా రాకున్నా పెద్ద బాధ లేదు. కానీ ఏడాది పొడవునా రవి గీసినదానికి నట్లు బిగిస్తూ కూర్చోవడం మాత్రం నా వల్ల కాదు.

చట్రానికి కావలసిన అల్యూమినియం ఇమ్రాన్ వాళ్ల నాన్న ఫకీర్ గారి కిటికీల షాపు నుంచి వచ్చింది. అది పక్కకు జరిపే కిటికీలకు వాడే పట్టీ. అద్దం జరిగే గాడి కూడా అట్లాగే ఉంది. చూసినవాళ్లందరూ దోమల జాలి ఎప్పుడు బిగిస్తారని అడిగారు. నవ్వుకోనీ, గట్టిగా ఉంది కదా అనుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం నాలోనే దాచుకున్నాను. నాలుగు సంచుల వరకు నా రోబో చక్కగా నెడుతుంది. ఐదో సంచి తగిలిందంటే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. నడిమి చక్రాలను అవసరానికి మించి కిందికి దించాను. తెలిసేసరికి చట్రం బిగించడం అయిపోయింది. రవికి తెలిస్తే ఆ సాయంత్రమే గొలుసులన్నీ ఊడదీసి నా చేతిలో పెట్టేవాడు. అందుకే సాధన చేసేటప్పుడు ఎప్పుడూ నాలుగే పెట్టాను. ఇంకోటి పెట్టమంటే బ్యాటరీ అయిపోయిందనేదాన్ని.

పోటీకి రోబోను తీసుకుపోయే భారం మా నాయిన మీద పడింది. మా నాయిన బాలస్వామి పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు కుదురుస్తాడు. ఆయనకో ట్రాలీ ఆటో ఉంది. దూడలు కూడా అందులోనే పోతాయి. కాలేజీకి వచ్చి రోబో చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. వంగి గొలుసు తిప్పే పళ్లచక్రం చూశాడు.

"పండ్లు మంచిగనే ఉన్నయి. లేత కోడె," అన్నాడు.

"నాయినా, జర పైలంగ తోలు. దెబ్బ తగలొద్దు దానికి."

"నాకు చెప్తవా?"

దెబ్బ తగలొద్దన్న మాట నేను చెప్పకుండా ఉండాల్సింది. నేను మేడంతో బస్సులో బయలుదేరాక ఆయన దూడలకు వేసినట్టే ట్రాలీ నిండా వరిగడ్డి పరిచాడు. దాని మీద రోబోను కూర్చోబెట్టి, అటూ ఇటూ కదలకుండా తాళ్లతో కట్టి తెచ్చాడు. నాగర్‌కర్నూల్‌లో దింపినప్పుడు దాని మీద ఒక్క గీత కూడా లేదు. అంత జాగ్రత్తగా తెచ్చాడని నేను మురిసిపోయాను కూడా.

మొదటి ఆట గెలిచాం. రెండో ఆట నడుమ మా రోబో ఉన్నట్టుండి ఒక పక్కకే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు, నాట్యం అనుకున్నారేమో. ఆట ఓడిపోయాం.

"గొలుసులొద్దని మొదటిసందే మొత్తుకుంటున్న! ఇన్నవా?" రవి అరిచాడు.

రోబోను తిరగేసి చూశాను. ఎడమ గొలుసు ఊడిపోయి ఉంది. పళ్లచక్రం చుట్టూ వరిగడ్డి జడ అల్లినట్టు చుట్టుకుంది. పీకుతుంటే వస్తూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. గడ్డి పిడికిట పట్టుకుని పోయి నాయిన ముందు పడేశాను.

"ఇది దూడనా నాయినా? గడ్డెందుకేసినవ్?"

ఆయన ఆ గడ్డి వైపు చూశాడు. "తొవ్వ మంచిగ లేదు బిడ్డా. కుదుపులకు దానికి దెబ్బ తగుల్తదని..." అని ఆగిపోయాడు. సంతలో ఎవరితోనైనా గొంతు లేపి మాట్లాడే మనిషి, అంతమందిలో అట్లా తలవంచుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. కోపమూ తగ్గలేదు. వెనక్కి వచ్చి గొలుసు ఎక్కించుకున్నాను.

మిగతా ఆటల్లో కిందా మీదా పడి నెట్టుకొచ్చాం. మైకులో మార్కులు చదివేసరికి మేం బాగా వెనకబడ్డాం. ఇంక ఒక్కటే దారి మిగిలింది. ముందు నిలిచిన రెండు టీములు తలా ఒక తోడు టీమును ఎంచుకుని, జంటగా ఫైనల్ ఆడాలి. అందరికంటే పైన ఉన్నది గద్వాల టీము. వాళ్ల కెప్టెన్ ఫరా. వాళ్ల రోబో చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది, సంచిని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుతుంది. కానీ కాళ్లలో బలం లేదు, ఎవరు తగిలినా పక్కకు జారిపోతుంది. అంటే ఆమెకు గట్టిగా నిలబడే తోడు కావాలి.

ఈ సంగతి హాల్లో అందరికీ తెలుసు. ఫరా చుట్టూ ఈగల్లా మూగారు. ఒకడు తమ రోబో గంటకు ఎంత దూరం పోతుందో చెప్తున్నాడు. రవి అందర్నీ తోసుకుని ముందుకు పోయాడు.

"మాది పది సంచులు నూకుతది!"

ఆమె నమ్మి మమ్మల్ని ఎంచుకుంటే ఫైనల్లో అందరి ముందూ ముందు చక్రాలు లేస్తాయి, అది చూశాక మేడం నన్ను మళ్లీ చాసిస్ గీయనివ్వదు. నమ్మకపోతే ఇప్పుడే ఇంటికి పోతాం. రెండు విధాలా చాసిస్ రవిదే.

అప్పుడే నాయిన నా వెనక నుంచి అడిగాడు. "ఏంది బిడ్డా, ఏం నడుస్తుంది?"

"జత టీమును ఎంచుకుంటున్నరు నాయినా."

"జోడి కట్టుడా?" ఆయన మొహం వెలిగిపోయింది. "ముందుగాల చెప్పొద్దా!"

నేను ఆపేలోపే భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని ఆ గుంపులోకి దూరాడు. పెబ్బేరు సంతలో బేరం నోటితో చెయ్యరు. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లు పట్టుకుంటారు, ఎన్ని వేళ్లయితే అంత. పక్కవాడికి ఏమీ తెలియదు. నాయిన ఫరా ముందుకు పోయి తువ్వాల పరిచాడు. ఆడపిల్ల చెయ్యి ఎట్లా పట్టుకోవాలో తెలియక ఒక్క క్షణం ఆగాడు. వెంటనే నన్ను ముందుకు గుంజాడు.

"నా బిడ్డ మాట్లాడ్తది. నువ్వు చెయ్యి పెట్టమ్మా."

భూమి చీలితే బాగుండు అనిపించింది. ఫరా మాత్రం నవ్వింది. "మా తాత గూడ గిట్లనే చేస్తుండె అంకుల్," అని తువ్వాల కింద చెయ్యి పెట్టింది. చుట్టూ ఉన్న కెప్టెన్లు మెడలు చాచారు.

"పక్కోళ్ల బేరంల తలకాయ పెట్టొద్దు," అని నాయిన గదిమాడు. ఇంజనీరింగ్ పిల్లలు నిజంగానే వెనక్కి జరిగారు.

"నిజంగ ఎన్ని సంచులు?" ఫరా మెల్లగా అడిగింది.

నేను ఆమె నాలుగు వేళ్లు పట్టుకున్నాను. ఆమె ఐదోది కూడా నా చేతిలో పెట్టింది. నేను దాన్ని వదిలేశాను. ఫరా రవి వైపొకసారి చూసి పెదవి బిగబట్టుకుంది.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ నాయిన బేరానికి ఒక కట్టుబాటు ఉంది. చేతులు కలిశాక పశువులో ఉన్న తప్పు అమ్మేవాడే నలుగురూ వినేటట్టు చెప్పాలి. చెప్పకపోతే ఆ బేరం చెల్లదంటాడు.

"ఇగ తప్పు చెప్పు బిడ్డా. గట్టిగ చెప్పు. పొడుస్తదా? కాడి కింద పండుకుంటదా?"

రవి నా పక్కనే ఉన్నాడు. మేడం ఎదురుగా ఉంది. అయినా చెప్పాను.

"ఐదో సంచి తగిలితే ముందరి చక్రాలు లేస్తయి. నడిమి చక్రాలు నేను ఎక్కువ దించిన."

"ఇంకా?"

"ఎడమకు జర గుంజుతది."

"ఇంకా?"

"గడ్డి తింటది అంకుల్," అన్నాడు ఇమ్రాన్ వెనక నుంచి.

హాలంతా నవ్వింది. రవి నవ్వలేదు. నా మొహం వైపు అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. ఇంక చాసిస్ పోయినట్టే అనుకున్నాను. ఫరా మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మా రోబో మొదటి సంచిని లేపి మీ దాని ముక్కు మీద పెడితే?" అంది.

నేను లెక్క వేసుకున్నాను. ముందు వైపు బరువు పడుతుంది. చక్రాలు నేలను వదలవు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు.

"అప్పుడు లేవవు," అన్నాను. తువ్వాల కింద ఆమె చెయ్యి మొత్తం పట్టేసుకున్నాను.

మైకులో ఫరా మా కాలేజీ పేరు చెప్పింది. నాయిన తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. ఈ జత కుదిర్చింది తనేనని చుట్టూ ఉన్నవాళ్లందరికీ, అడగకపోయినా చెప్పాడు.

ఫైనల్లో ఫరా రోబో సంచి ఎత్తి మా దాని ముక్కు మీద పెట్టింది. మా కిటికీ పట్టీల రోబో కదిలింది. ఐదో సంచి తగిలింది, ఆరోదీ తగిలింది. ముందు చక్రాలు నేలను వదల్లేదు. ఎదుటి రోబో ఒకటి పక్క నుంచి వచ్చి గుద్దింది. ఆరు చక్రాలూ పట్టుకుని నిలబడ్డాయి. నాయిన కుర్చీ మీదికెక్కి, "హో! నడువ్ కొడుకా! నడువ్!" అని సంతలో అరిచినట్టు అరిచాడు. సిగ్గుపడాల్సింది పోయి నేనూ అదే అరిచాను. వాలుబల్ల ఎక్కేసరికి గంట మోగింది. గెలిచాం.

నేను పరుగెత్తి నాయినను పట్టుకున్నాను. "గడ్డి సంగతి మనసుల పెట్టుకోకు నాయినా," అన్నాను. ఆయనకు నా మాట వినపడలేదు, ఎవరికో రోబో పండ్ల గురించి చెప్తున్నాడు.

రోబోను సర్దుతుంటే రవి వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఒకే నట్టును బిగిస్తూ ఉన్నాడు.

"చక్రాలు లేస్తయని ఎప్పటిసంది ఎరుక నీకు?"

"మొదటిసంది."

"మరి ఆ గద్వాల పిల్లకు చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఎన్నడన్న నాతోని చెయ్యి కలిపినవా?"

రవి పానా కింద పెట్టాడు. ప్యాంటుకు చెయ్యి తుడుచుకుని నా వైపు చాపాడు. నేను పట్టుకున్నాను.

"నా నాలుగు మోటార్లకు మన బ్యాటరీ సాలదు," అన్నాడు గట్టిగా, మేడానికి కూడా వినపడేటట్టు. "నాకు గూడ మొదటిసందే ఎరుక."