ఒసాకాలో ఉడకని అన్నం

నేను ఒక కరెంటు కుక్కర్ని. అన్నం వండటం తప్ప నాకు ఇంకో విద్య రాదు. మనుషులంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నా కథలో ఎక్కడో ఒకచోట ప్రేమ పుట్టుకొస్తుందని ఆశపడి, చివర్లో నన్ను తిట్టుకోకండి. రోజూ రెండు పూటలా కడుపులో మంట పెట్టుకుని ఇంకొకళ్ల ఆకలి తీర్చి చూడండి, మీకూ పడదు.

పుట్టింది హోసూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో. అడుగున వేడెక్కే పళ్లెం బిగించారు, నీళ్లు ఇగిరిపోగానే టక్కున పైకి లేచే మీట పెట్టారు, అట్టపెట్టెలో కూర్చోబెట్టి టేపు వేశారు. ఆ టేపు విప్పే దిక్కు చాలాకాలం దొరకలేదు. తాడేపల్లిగూడెంలో ఎవరో నన్ను కొని ఒక గృహప్రవేశంలో చదివించారు. ఆ ఇంటివాళ్లు పెట్టె తెరవకుండానే ఒక పెళ్లిలో చదివించారు. పెళ్లివాళ్లు పైన రంగు కాగితం మార్చి ఇంకో ఇంటి ఓణీల ఫంక్షన్‌కి తోలేశారు. నేనెవరికీ అక్కర్లేదు. ఇచ్చినవాళ్ల పేరు మైకులో వినపడితే చాలు. అలా మండపాలు తిరిగి తిరిగి, లోపల ఒక్క మెతుకు పడకుండానే నాకు లోకజ్ఞానం వచ్చేసింది.

చివరికి పాలకొల్లు దగ్గర ఒక హైస్కూల్లో వకుళ అనే సోషల్ టీచరు రిటైరయిన రోజున, స్టాఫంతా కలిసి ఆవిడకు శాలువా కప్పి, దండ వేసి, నన్ను చేతిలో పెట్టారు. ఉద్యోగమంతా పిల్లలకు ప్రపంచ పటం చూపించిన మనిషికి వాళ్లకు తోచిన కానుక అన్నం గిన్నె.

"ఇకనుంచి మేడమ్ గారికి బోలెడంత తీరిక. సార్‌కి కమ్మగా వండిపెట్టొచ్చు" అన్నాడు హెడ్మాస్టరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడా నవ్వింది. నాకైతే ఆ హెడ్మాస్టరు మూతి మీద ఆవిరి కొట్టాలనిపించింది.

ఇక ఆ సార్ సంగతి. పేరు ముక్తేశ్వరరావు. రిజిస్ట్రారాఫీసులో కుర్చీ అరిగేదాకా కూర్చుని, రిటైరయ్యాక అదే కూర్చోవడం ఇంట్లో కొనసాగించిన ఘనుడు. తాగిన గ్లాసు బల్ల మీది నుంచి సింకు దాకా నడిచి వెళ్తుందని ఆయన నమ్మకం. అన్నం మాత్రం పొగలు కక్కుతుండాలి. పొద్దుటి అన్నం రాత్రికి పెడితే కంచం నెట్టేస్తాడు. ఆయనకు తోడు అక్కగారు, పేరిందేవమ్మ. భర్త పోయాక తమ్ముడి పంచన చేరింది. చేరింది కదా అని అణిగిమణిగి ఉంటుందనుకునేరు. వకుళ తాలింపు వేస్తుంటే వెనక నిలబడి, "ఆవాలు మాడాయి" అంటుంది, ఇంకా చిటపటలాడకముందే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఒకరైతే, నాకు నాలుగో కాలు కూడా కనపడలేదని సాక్ష్యం చెప్పే రకం రెండోవారు. వీళ్లిద్దరి మధ్య వకుళ. వాళ్ల కోసం వండీ వండీ వాళ్లను నేను అసహ్యించుకున్నంతగా ఎవరూ అసహ్యించుకుని ఉండరు.

ఆ ఇంట్లో జపాన్ మాట పుట్టడమే ఒక వింత. ముక్తేశ్వరరావు పాత సహోద్యోగి ఒకాయన సింగపూర్ వెళ్లొచ్చి ఊరంతా టముకు వేశాడు. దాంతో ఈయనకు నిద్ర పట్టలేదు. మనమూ ఎక్కడికైనా వెళ్లాలి, సింగపూర్‌ కన్నా దూరం వెళ్లాలి అన్నాడు.

"అయితే జపాన్ వెళ్దామండీ" అంది వకుళ వెంటనే. ఆవిడ గొంతులో అంత తొందర నేనెప్పుడూ వినలేదు. "ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. ఒక్కసారైనా చూడాలి."

"తిండో?" అన్నాడాయన. జపాన్ గురించి ఆయన నోట వచ్చిన మొదటి ముక్క అదే.

మర్నాటికల్లా వకుళ పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, వంటింటి గోడకు అంటించి, చూడకుండానే నాలుగు దీవులు గీసేసింది. స్కూల్లో బోర్డు మీద గీసీ గీసీ చేతికి పట్టుబడిపోయాయి. ఒసాకాలో దిగడం, అక్కణ్ణుంచి కోయాసాన్, క్యోటో, నారా, ఫుజి పర్వతం దగ్గరి సరస్సులు, ఆఖర్న టోక్యో. ఏ రైలు ఎక్కడ మారాలో కూడా రాసుకుంది. నేను గట్టు మీద కూర్చుని అంతా వింటున్నాను. ఆ కాగితం మీద అక్కాతమ్ముళ్లు పడ్డ తీరు చెబుతాను, వినండి.

"నారాలో జింకలు ఊళ్లో స్వేచ్ఛగా తిరుగుతాయట. మన ముందుకొచ్చి తల వంచుతాయట" అంది వకుళ.

"జింకల్ని చూడ్డానికి విమానమెక్కాలిటే?" అన్నాడు ముక్తేశ్వరరావు.

"క్యోటోలో కొండ పొడుగునా ఎర్రటి ద్వారాలుంటాయి. తెల్లారేసరికి వెళ్తే జనం ఉండరు, హాయిగా నడవొచ్చు."

"తెల్లారకుండా వెళ్తే అన్నం ఎవడు వండుతాడు? వంట కానిచ్చి, తిని, పదకొండింటికి బయల్దేరదాం. అయినా నడవడానికి క్యోటో ఎందుకు, మన కాలవ గట్టు లేదూ?"

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందిట" అంది పేరిందేవమ్మ, పీట మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటూ. ఆవిడా వస్తానంది మరి. ఉట్టి మాటేమో గానీ విమానం సీటు మాత్రం కిటికీ పక్కనే కావాలంది.

బియ్యం అక్కడికి పట్టుకెళ్లనివ్వరని తెలిసినరోజు ముక్తేశ్వరరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాసేపటికి తేరుకుని, "బియ్యం అక్కడే కొందాం. కుక్కరు మనది పట్టుకెళ్దాం" అన్నాడు. ఆ క్షణం నుంచి ప్రయాణమంతా నా చుట్టూ తిరిగింది. చాపలు పరిచి పరుపులు వేసే పాతకాలపు సత్రాలు కొట్టేశారు, అక్కడ గదిలో వండుకోనివ్వరని. పొద్దున్నే చూడాల్సినవన్నీ మధ్యాహ్నానికి జరిగాయి, సాయంత్రం చూడాల్సినవి సగానికి తెగాయి, రాత్రి వంటకు వేళవుతుందని. జపాన్‌లో ఏం చూడాలో నిర్ణయించే అధికారం అన్నం కుక్కర్‌కి దక్కిందంటే ఇంకొకరైతే పొంగిపోయేవారు. నాకు రోత పుట్టింది.

వకుళ అన్నిటికీ తల ఊపింది. ఒక్క కోయాసాన్ దగ్గర మాత్రం వదల్లేదు.

"అది కొండ మీది ఊరండీ. బౌద్ధ మఠాలు. రాత్రి మఠంలోనే బస. పెద్ద పెద్ద దేవదారు చెట్ల కింద పాత సమాధులు, రాతి దీపాలు. మీకు చేపల భయమేగా? అక్కడ చేప లేదు, మాంసం లేదు. సన్యాసులు తినే తిండే మనకీ పెడతారు. వాళ్లే వండుతారు, వాళ్లే తెచ్చి ముందు పెడతారు." కాగితం మీద కోయాసాన్ దగ్గర వేలు ఆనించింది. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక పూటైనా ఇంకొకళ్లు వండి, నన్ను కూర్చోబెట్టి, నా ముందు పెట్టింది లేదు. పెళ్లిళ్లకెళ్లినా వదినగారికి పథ్యమని ఇంటికొచ్చి వండాను. ఒక్క రాత్రి చాలు. జపాన్‌లో నాకింకేమీ చూపించకపోయినా ఫర్వాలేదు."

ఆవిడ ఏం కోరిందో చూశారుగా. ఫుజి పర్వతం కాదు. ఒక భోజనం.

ముక్తేశ్వరరావు ముక్కు గోక్కున్నాడు. "ఉల్లిపాయ కూడా వెయ్యరటగా? ఆ చప్పిడి కూడు ఎవడు తింటాడు? పోనీ మన అన్నం మనం వండుకుందామంటే గదిలో ప్లగ్గు పెట్టనివ్వరు. అనవసరం. ఒసాకాలో ఇంకో రోజుందాం, వంటిల్లున్న గదే తీసుకున్నాంగా."

"సన్నాసుల చేతి కూడు మనకేం ఖర్మే!" అంది పేరిందేవమ్మ.

ఆయన లేచి పెన్నుతో కోయాసాన్ మీద అడ్డంగా గీత కొట్టాడు. వంటింటి పని కోసం ఆ మనిషి కుర్చీలోంచి లేవడం ఆ ఇంట్లో నేను చూసింది అదొక్కసారే. నాకు ఒళ్లు మండింది. నేను మండేది అడుగున మాత్రమే. ఆవేళ మూత దాకా మండింది.

వకుళ గట్టు దగ్గరికి నడిచింది. బియ్యం కడిగి నాలో పోసి మీట నొక్కింది. ఆ పూట అన్నం నేను కావాలనే అడుగంటించాను.

ఇంకొన్నాళ్లకు ముక్తేశ్వరరావు విజయవాడ వెళ్లి ఒక పిన్ను కొనుక్కొచ్చాడు. ఒకవైపు మన మూడు కాళ్ల ప్లగ్గు దూరుతుంది, రెండోవైపు జపాన్ గోడలో దూరే రెండు బద్దలుంటాయి. ఇంటికొచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించాడు. "బుర్రుండాలి. ఇది లేకుండా వెళ్లినవాళ్లు అక్కడ పస్తులే" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఒక మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు కునుకు తీస్తుండగా వకుళ జపాన్ గురించిన పుస్తకం ఒకటి పట్టుకుని నా పక్కన కూర్చుంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. వేలు పెట్టి మళ్లీ చదివింది. తర్వాత లేచి నన్ను తలకిందులు చేసింది. నా అడుగున అంటించిన చీటీని ఆవిడ ఏళ్ల తరబడి గుడ్డతో తుడుస్తూనే ఉంది, కానీ చదవడం అదే మొదలు. అక్కడ రెండు వందల ముప్పై వోల్టులని ఉంది. జపాన్ గోడల్లో వచ్చేది నూరు వోల్టులే. పిన్ను మార్చితే ప్లగ్గు దూరుతుంది గానీ కరెంటు పెరగదు కదా. ఆ నూరుతో నేను గోరువెచ్చనవుతాను, అంతే. అన్నం ఉడకదు.

ఇక పరుగెత్తుకెళ్లి మొగుణ్ణి లేపుతుందనుకున్నాను. భార్యలు చేసే పని అదేగా. ఆవిడ నన్ను మళ్లీ తిన్నగా తిప్పి నిలబెట్టి, మూత పెట్టి, మూత మీద రెండు సార్లు అరచేత్తో తట్టింది. పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల్నుంచి చాలాసేపు ఫోను మీద టకటకమని నొక్కుతున్న చప్పుడు వినపడింది.

ప్రయాణం ముందు రోజు పెట్టె సర్దుతుంటే నాకు చోటు చాలలేదు. ముక్తేశ్వరరావు వకుళ నడక బూట్లు తీసి బయట పడేసి, ఆ సందులో నన్ను కుక్కాడు. ఆవిడ వాటిని ఏరి గుమ్మం పక్కన పెట్టుకుంది. మర్నాడు నేత చీర మీద ఆ బూట్లే వేసుకుని విమానమెక్కింది. పాలకొల్లులో ఎవరేమనుకుంటారోనని పేరిందేవమ్మ ఊరు దాటేదాకా తిడుతూనే ఉంది.

ఒసాకా ఎలా ఉంటుందో నన్నడక్కండి. పెట్టెలోంచి తీసి తిన్నగా వంటగట్టు మీద పెట్టారు. కిటికీలోంచి కనపడిందల్లా ఎదురింటి గోడ. పక్క వీధిలో కొన్న బియ్యం కడిగి పోశారు. "ఇవేం బియ్యమే, నలుసుల్లా" అంది పేరిందేవమ్మ. ముక్తేశ్వరరావు స్వహస్తాలతో పిన్ను బిగించి, నా మీట నొక్కి, ఆవకాయ సీసా మూత తీసుకుని కూర్చున్నాడు.

నా దీపం మిణుకుమంది. నేను చేయగలిగిందంతా చేశాననుకోకండి. చేయగలిగినా చేసేదాన్ని కాదు. చాలాసేపయ్యాక ఆయన మూత ఎత్తి చూస్తే, గోరువెచ్చని నీళ్లలో బియ్యం నాని ఉన్నాయి.

"ఏమైందే దీనికి?" నా చెంప మీద ఛెళ్లున కొట్టాడు. పిన్ను తీసి మళ్లీ పెట్టాడు. ఇంకోటి కొట్టాడు. "వెధవ కుక్కరు! సరిగ్గా ఇక్కడికొచ్చాకే చావాలా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తిట్లు నాకు. వకుళ వచ్చి, నీళ్లు వంపి, నన్ను తిరగేసి చీటీ చూపించింది. నూరు వోల్టుల సంగతి రెండు ముక్కల్లో చెప్పింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"మరెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇక్కడ పనిచేసేది కొనేవారు."

నాకు ఆ మాట వినడానికే ఇంత దూరం వచ్చినట్టనిపించింది. తర్వాత ముక్తేశ్వరరావుకి కోపం నెత్తికెక్కింది. "ఓహో! ఇది కుక్కర్లు పుట్టిన దేశం. రేపు పొద్దున్నే కొంటాను. అప్పుడేం చేస్తావో చూస్తాను!"

"కొనండి. వండుకోండి. రేపు నేను కోయాసాన్ వెళ్తున్నాను. ఒక్కదాని పేరు మీదే గది తీసుకున్నాను. ఎల్లుండి సాయంత్రానికి వచ్చేస్తాను."

"మరి మాకు భోజనం?" అంది పేరిందేవమ్మ. ఆవిడ గొంతులో నిజంగానే భయముంది. నాకు జాలి వేయలేదు.

"ఊళ్లో అడుగడుక్కీ హోటళ్లున్నాయి వదినగారూ" అంది వకుళ, బూట్ల తాళ్లు విప్పుకుంటూ. "రేపు కట్టుకోవడం తేలికవుతుందని వదులు చేసి పెట్టుకుంటున్నా."

పొద్దున్నే వెళ్లిపోయింది. ఆయన అన్నంత పనీ చేశాడు. మధ్యాహ్నానికి ఒక తెల్లటి జపాన్ కుక్కర్ని చంకన పెట్టుకొచ్చాడు. దాని ఒంటి నిండా మీటలు, మీటల నిండా జపాన్ రాతలు. ఏది నొక్కినా పాట పాడుతుంది తప్ప పని మొదలుపెట్టదు. సిగ్గులేని జన్మ. నన్ను తీసి తలుపు దగ్గర, పారేయాల్సిన సామాన్ల పక్కన పెట్టాడు. ఈ దేశంలో చెత్తక్కూడా రోజులూ, వరుసలూ ఉన్నాయట. నా వంతు ఇంకా రాలేదు.

సాయంత్రమైంది. అక్కాతమ్ముళ్లు పొద్దుటి నుంచీ అరటిపళ్ల మీదే ఉన్నారు. ముక్తేశ్వరరావు బియ్యం గిన్నె ముందు నిలబడి, గొంతు సవరించుకుని ఫోను చేశాడు. రెండు చేతులూ తడిగా ఉన్నాయని స్పీకరు పెట్టాడు.

"వకుళా, బియ్యానికి నీళ్లు ఎన్ని పొయ్యాలే?"

అటునుంచి ఎవరో మెత్తగా ఏదో అనడం, చెక్క బల్ల మీద గిన్నెలు ఒక్కొక్కటే ఆనించడం వినపడింది.

"నాకు వడ్డిస్తున్నారండి" అంది వకుళ. "ఉంటాను."

అటు ఫోను కట్టయింది. ఆయన కొత్త కుక్కరు వంక చూశాడు. పేరిందేవమ్మ వంక చూశాడు. ఆఖరికి తలుపు దగ్గరున్న నా వంక చూశాడు. నీళ్లెన్నో నాకు తెలుసు. నాకు నోరున్నా చెప్పేదాన్ని కాదు.