విమానము ముక్కులోని సీసపు గుండ్లు

వర్షర్తువు తన మేఘపరివారమునంతటిని వెంటగొని సముద్రమును దాటిపోగా కార్తికమాసారంభమున భీమునిపట్టణ తీరమునందలి యాకాశము ఉతికి యారవేసిన నీలిచీరవలె నిర్మలమై విశాలమై ప్రకాశించుచుండెను. ఉత్తరదిశనుండి మందమందముగ వీచు పొడిగాలి నెలల తరబడి గృహకుడ్యములను పట్టి విడువని లవణార్ద్రతను మెల్లమెల్లగ హరించుచుండెను. ఇసుకతిన్నెలపై జాలరులు వలలను విప్పి పరచి తెగిన కన్నులను కూర్చుచుండిరి. కొండవాలునందలి యిండ్లలో గృహిణులు ముక్కిన పరుపులను మేడలపై నెండవేయుచుండిరి. ఇట్టి శరత్సమయమును గాంచి రసికులైనవారు వెన్నెలను తలపోయుదురు గాని ఆ యూర మార్తాండరావను వృద్ధుడు మాత్రము ప్రతిదినమును ఉదయమున వీథిగుమ్మమున నిలిచి చేయి చాచి గాలిలోని తడి తగ్గినదా లేదా యని పరీక్షించుచుండెను. ఏలయన తేమగాలిలో పూసిన మెరుగు పాలు చిందినట్లు తెల్లబారి నెలల శ్రమను గంగపాలు చేయును. విమానములకు రంగులు వేయువానికి వెన్నెలతో పనియేమి?

ఆయన విమానములు మనుష్యులనెక్కించుకొని యెగురునవి కావు. పెట్టెలలో ప్లాస్టిక్ ముక్కలుగ వచ్చి చట్రములకంటుకొనియుండు వానిని ఒక్కొక్కటిగ కోసి ఉప్పుకాగితముతో నునుపుచేసి జిగురుతో నతికి రంగులు పూసి నిజమైన విమానమును అచ్చుగుద్దినట్లుండు అరచేతి విమానమును నిలుపుట ఆయన వ్యసనము. మార్తాండరావు నౌకానిర్మాణశాలలో నక్షాలు గీయు నుద్యోగమున తల నెరసినవాడు. పగలంతయు నీటిపై తేలువానికి గీతలు గీచి సాయంకాలమున నింటికి వచ్చి గాలిలో నెగురువానిని అతుకుచుండుట చూచి భార్యయైన సుభాషిణి ఈయనకు నేలమీద నడచునదేదియు నచ్చదు కాబోలునని మేలమాడెడిది. రంగుల ఘాటువాసన ఆమెకు గిట్టదు. కావున సంసారారంభముననే ఆమె శాసనము చేసి యా కర్మశాలను వెనుకవసారాలోనికి వెళ్ళగొట్టెను. ఆయనయు నా శాసనమును శిరసావహించి వసారాకిటికీయెదుట బల్ల వేసికొని కాలక్రమమున అలమారనిండ విమానములను నిలిపెను. సుభాషిణి వానిపై దుమ్ము దులుపుటయే గాని ఒక్కదాని పేరైనను నేర్చుకొనలేదు.

గడచిన వేసవిలో ఆయనకు పక్షవాతము వచ్చెను. దైవానుగ్రహమువలన ప్రాణమును మాటయు దక్కెను గాని కుడిచేయి పరాయివారి సొత్తువలె ఒడిలో పడియుండెడిది. కాలికి కర్ర తోడయ్యెను. అంతకంటె దారుణమైనది మరియొకటి కలదు. తొలినాళ్ళలో ఆయన కాఫీలో చక్కెరకు బదులుగ ఉప్పు కలుపుకొని త్రాగెను. సుభాషిణిని తన అప్పగారి పేరుతో పిలిచెను. ఆ పొరపాటులన్నియు క్రమముగ మాసిపోయినను వానివలన పుట్టిన భయము మాత్రము మాసిపోలేదు. ఏ సంగతి చెప్పబోయినను ఇది నిజముగ జరిగినదా లేక నేననుకొనుచున్నానా యని సందేహించి మాటను మధ్యలోనే మ్రింగివేసెడివాడు. రోగికి ఎదురుచెప్పి మనస్సు కష్టపెట్టరాదని వైద్యుడు సెలవిచ్చియుండెను. ఆ మాటను సుభాషిణి కొంగున ముడివేసికొనెను.

చేతికి కొంచెము కదలిక వచ్చిన పిమ్మట శ్రావణమాసమున నొకనాడు ఆయన అలమారపైనుండి యొక పెట్టెను దింపించెను. అందున్నది రెండు పంకాల ప్రయాణికుల విమానము. వివాహమైన క్రొత్తలో ఆలుమగలు విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు అట్టి విమానమునందే పయనించిరి. కిటికీప్రక్కన కూర్చున్న సుభాషిణి భయముచే కన్నులు మూసికొని నేలకు దిగునంతవరకును తెరవలేదని ఆయన ఎన్నిమారులో పరిహసించియుండెను. ఆ పెట్టెను ఒడిలో నుంచుకొని ఆయన భార్యతో నిట్లనెను.

“దీన్ని తప్పులేకుండా పూర్తిచేసి మూడు చక్రాల మీద నిలబెడతాను. నిలబడితే నా బుర్ర నా దగ్గరే ఉన్నట్టు. లేకపోతే ఈ పెట్టెలన్నీ సుభానీకి ఇచ్చేస్తాను. ఆ తరవాత నన్ను ఇంకేదీ చెయ్యమని అడక్కు.”

సుభానీ యనునాతడు విశాఖపట్టణమున కళ్ళజోళ్ళ దుకాణము గల చిరకాలమిత్రుడు. అతడును ఈ వ్యసనముననే పీకలదాక మునిగినవాడు. భర్త పందెముగ నొడ్డినది ప్లాస్టిక్ బొమ్మను గాదు తన్నుతానే యని గ్రహించి సుభాషిణి ఉలికిపడెను. నాటినుండి ఆమె ముక్కు మూసికొనుట మాని బల్లప్రక్కన పీట వేసికొని కూర్చుండసాగెను. ఆయన యెడమచేత కోయుచుండగా చట్రమును కదలకుండ పట్టుకొనుటయు జారిపడిన ముక్కలను వెదకి తెచ్చుటయు ఆమె పనులయ్యెను. తాను పట్టుకొనుచున్నది రెక్కయో తోకయో ఆమె యెరుగదు గాని పట్టు మాత్రము సడలనీయలేదు.

మూడు చక్రముల విమానమున నొక మర్మము కలదు. రెండు చక్రములు రెక్కలక్రిందను ఒకటి ముక్కుక్రిందను ఉండును. లోపల బోలుగనుండు ప్లాస్టిక్ విమానమునకు వెనుకభాగమే బరువగుటచేత ఊరక విడిచినచో తోక నేలనాని ముక్కు ఆకాశమునకు లేచును. కావున దేహపు రెండు సగములను అతుకుటకు పూర్వమే ముక్కులోపల సీసము పొదుగవలెను. మార్తాండరావు జాలరులు వలలకు కట్టు సీసపు గుండ్లను తెప్పించి బంకమన్నుతో ముక్కున నిమిడించి పైన చోదకుల గదికి నేలయగు బిళ్ళను కప్పెను. పిమ్మట రెండు సగములను చక్రములను దారముతో తాత్కాలికముగ కట్టి బల్లపై నిలిపి చూచి తృప్తుడై కట్టు విప్పి మధ్యాహ్ననిద్రకు పోయెను. సుభాషిణి వంటింట నుండుటచేత ఆ పరీక్షను చూడలేదు.

బల్ల తుడువవచ్చిన ఆమె ఒక సగమును చేతికెత్తగనే బరువు తగిలెను. బిళ్ళను కదిపి చూడగా లోపల మన్నును గుండ్లును కానవచ్చెను. గాలిలో నెగురవలసిన దానికి సీసమెందుకు? కాఫీలో నుప్పు కలిపిన చేయియే ఈ పనియు చేసినదని ఆమె తలంచెను. లేపి యడిగినచో ఆయన చిన్నబోవును. అడుగకున్నచో విమానము చెడి పందెము పోవును. అంత నా యిల్లాలు జడలోని పిన్నును తీసి మన్నునంతయు గోకివేసి గుడ్డతో శుభ్రముగ తుడిచి బిళ్ళను యథాస్థానమున నమర్చి గుండ్లను పెరటిలోని మల్లెకుండీలో పాతిపెట్టెను. ముక్కలను పట్టు కుడిచేతికి బరువెరుగు శక్తి ఇంకను పూర్తిగ రాకుండుటచేత మార్తాండరావు సాయంకాలమున నిద్రలేచి యేమియు ననుమానింపక రెండు సగములను అతికివేసెను. తాను గొప్ప యుపకారము చేసితినని సుభాషిణి ఆనాడు రెండు ముద్దలెక్కువ తినెను.

భాద్రపదము అతుకుల నునుపుచేయుటలో గడచెను. ఆశ్వయుజమంతయు మబ్బులను తిట్టుకొనుటలో గడచెను. కార్తికమున పొడిగాలి రాగానే ఆయన రంగు పూసెను. అక్షరములంటించు పని మాత్రము సుభాషిణికి దక్కెను. అక్షరములు ముద్రింపబడి నీటిలో నానిన యుల్లిపొరవంటి పలుచని పొరను కుంచెకొనతో జార్చి ముడుత లేకుండ విమానముపై దింపవలెను. ఆమెది ఆత్రేయపురము. పుట్టినింట పూతరేకులను చిరుగకుండ నెత్తిన వ్రేళ్ళకు అది యొక లెక్కలోనిది కాదు. ఆమె దించిన యక్షరములను భూతద్దముతో చూచి ఆయన తల యూపుచుండగా ఆ వృద్ధదంపతులకు ఆ వసారాలో కొంగ్రొత్తగ కాపురమునకు వచ్చినట్లుండెను.

పని ముగిసిన నాటి యుదయమున మార్తాండరావు స్నానము చేసి యుతికిన పంచ కట్టుకొని వచ్చి విమానమును బల్లపై నిలిపి చేతులు తీసెను. క్షణకాలము విమానము నిలిచినట్లే యుండెను. అంతలో ముక్కు మెల్లగ పైకి లేచెను. తోక టక్కున బల్లను తాకెను. ఆయన వ్రేలితో ముక్కును నొక్కి వదలెను. మరల నట్లే యయ్యెను. పెద్ద ప్రమాదమేమియు గాదనుకొని సుభాషిణి సంగతియేమని అడిగెను.

“ముక్కులో బరువు పెట్టకపోతే ఇలాగే తోకమీద కూలబడుతుంది. నేను పెట్టినట్టు నాకు గుర్తు. సీసపు గుండ్లు, బంకమన్ను, దారం కట్టి నిలబెట్టి చూడడం, అన్నీ కళ్ళకు కట్టినట్టున్నాయి.” ఆయన విమానమును తనవైపునకు త్రిప్పుకొనెను. “అవేవీ జరగలేదన్నమాట.”

మరచుట వేరు. జరుగనిదానిని జరిగినట్లు తలంచుట వేరు. మొదటిది ముసలితనమందు ఎల్లరకును కలుగును. రెండవది సంభవించినవాడు తన మనస్సులో తానే పరదేశియగును. ఆ సంగతిని భర్తముఖమున స్పష్టముగ చూచి సుభాషిణి తన మనస్సులో నిట్లు తలపోసెను. నేను తీసితినని చెప్పిన చాలును. కాని ఎందుకు తీసితివనునెడల మీకు మతి చెడినదని నమ్మితినని కూడ చెప్పవలెను. ఆ రెండవమాటకు జడిసి ఆమె మొదటిమాటను సయితము చెప్పలేకపోయెను. మార్తాండరావు కర్ర నూతగొని లేచి పోయి సుభానీకి ఫోను చేసి వచ్చి పెట్టెలను పట్టుకుపొమ్మనెను. ఆమె ఆనాడు అన్నము వండెను గాని ఇద్దరిలో నెవ్వరును దానిని సరిగ తినలేదు.

మరునాడు సుభానీ వచ్చెను. మిత్రుని సంపద నెత్తుకొనిపోవ మనసొప్పక అతడు విమానమును త్రిప్పిత్రిప్పి చూచి ముందుచక్రపు గూటిలోనుండి రంధ్రము చేసినచో ఇప్పుడైనను సీసము నింపవచ్చుననియు అదియు వలదన్నచో తోకక్రింద కంటికానని సన్నని పుల్లను నిలుపవచ్చుననియు బోధించెను. కర్ర నూతగొని నిలుచువాడను ఈ యింట నేనొకడను చాలునని మార్తాండరావు నవ్వబోయెను గాని ఆ నవ్వు పెదవులను దాటలేదు.

“బరువు ఎక్కించవచ్చు సుభానీ. అది నాకూ తెలుసు. పోయింది బరువు కాదు.”

సుభానీ పెట్టెలకు తాడు కట్ట నారంభించెను. తాడు బిగిసినప్పుడెల్ల అట్టపెట్టెలు కిర్రుమనుచుండెను. వాకిట కూర్చున్న సుభాషిణి ఆ చప్పుడును కొంతసేపు సహించెను. పిమ్మట లేచి పెరటిలోనికి పోయి మల్లెకుండీలో వ్రేళ్ళు చొనిపి వెదకి మట్టిచేతులతోనే వచ్చి భర్తయెదుట బల్లపై గుప్పిలి విప్పెను. సీసపు గుండ్లు దొర్లి విమానపు తోకకు తగిలి నిలిచెను.

“ఇవి మీరు పెట్టినవేనండీ. నేను తీసేశాను. ఎగిరేదాంట్లో సీసం ఏమిటనుకున్నాను. మీకు మతి తప్పి పెట్టారనుకున్నాను. ఆ మాట మీతో అనలేక, మీకు తెలియకుండా సర్దేశాను.”

సుభానీ చేతిలోని తాడును విడిచి గోడవైపు చూచుచు నిలిచెను. మార్తాండరావు ఒక గుండును తీసి దానికంటిన మట్టిని బొటనవ్రేలితో తుడిచెను.

“దారం కట్టి నిలబెట్టి చూశాను కదూ?”

“నిలబెట్టింది నేను చూడలేదు. దారం మాత్రం బల్లమీద ఉంది.”

“ఏ రంగు దారం?”

“నీలిరంగు.”

“నీలిరంగే,” అని ఆయన కన్నులు మూసికొనెను. మూసిన రెప్పలక్రిందనుండి నీరు కారెను. పోయినదనుకొన్న తన మనస్సు వీథిగుమ్మము నానుకొని యింతకాలమును నిలిచియుండగా ఇప్పుడే తలుపు తెరచినట్లు ఆయనకు తోచెను. సంతోషము వెనువెంటనే కోపమును వచ్చెను. రోగము వచ్చిన పిమ్మట ఆ యింట కోపమునకు చోటు లేకుండెను. అందరును ఆయనకు తలలూపుటయే గాని నిజము పలికినవారు లేరు. నేడు నిజము పలికినవారుండుటచేత ఆయనకు కోపగించుటకు వీలు కలిగెను.

“నన్ను లేపి అడగవలసింది. అడిగితే కోప్పడేవాణ్ణి. కోప్పడితే ఎంత బాగుండేది.”

“ఇకమీదట అడుగుతాను. కోప్పడండి,” అని సుభాషిణి మట్టిచేతులతోనే కన్నులు తుడుచుకొనగా చెంపలకు మట్టి యంటెను. ఆ మొగము చూచి మార్తాండరావు నవ్వెను. వేసవి మొదలు ఆ వసారాలో వినబడని నవ్వది.

అటుపై ముగ్గురును పనికి గడంగిరి. సుభానీ విమానమును వెలికిల పట్టుకొనెను. మార్తాండరావు చేతిడ్రిల్లును ఎడమచేత పట్టి త్రిప్పుచు ముందుచక్రపు గూటిలో గుండు పట్టునంత రంధ్రము చేసెను. కుడిచేయి తోడురాగలిగినంత తోడువచ్చెను. సుభాషిణి ఒక్కొక్క గుండును కడిగి తుడిచి జిగురులో ముంచి పట్టకారుతో లోనికి జార్చెను. గుండు పడినప్పుడెల్ల లోపల చిన్న చప్పుడగుచుండెను. చాలునా యని ఆమె అడిగెను. చాలదని ఆయన గద్దించెను. ఆమె మరియొకటి జార్చెను. ఆ గద్దింపు ఆమె చెవులకు పెండ్లినాటి సన్నాయివలె నింపుగనుండెను. సుభానీ మాత్రము వీరిద్దరి నడుమ చేతులు నొప్పిపుట్టి నా సంగతియు కొంచెము చూడుడని మొరపెట్టుకొనెను.

జిగురారిన పిమ్మట మార్తాండరావు విమానమును తాను నిలుపక భార్యచేతికిచ్చెను. ఆమె దానిని బల్లపై నుంచి చేతులు తీసెను. అది యొకింత యూగెను. పూర్వము కిటికీప్రక్కన కూర్చుండి నేలకు దిగువరకును కన్నులు తెరవని సుభాషిణి ఈమారు రెప్పవాల్పక చూచుచుండెను. ముక్కు మెల్లగ క్రిందికి వంగెను. ముందుచక్రము బల్లను తాకి నిలిచెను. సుభానీ వంగి తాను కట్టిన తాళ్ళను తానే విప్పనారంభించెను.

అటుతరువాత ఆ యింట ఏ విమానమునకైనను సీసము పొదుగుట సుభాషిణి పనియయ్యెను. పొదిగితివాయని ఆయన అడుగుట వాడుక. పొదిగితిని వచ్చి చూడుడని ఆమె పిలుచుట వాడుక. ప్రేమచేతనే యైనను ఒకరి మనస్సులోని బరువును వారెరుగకుండ తీసివేయుట వారిని తేలికపరచుట గాదు. వారిని నిలువనీయకుండుట యగును. ఆ రెండు పంకాల విమానము నేటికిని వసారాకిటికీయందు సముద్రమునకు మొగమై నిలిచియున్నది. సాయంకాలపుటెండ దాని రెక్కలపై పడినప్పుడు చూడవచ్చినవారు మెరుగును మెచ్చుకొందురు. అక్షరములను మెచ్చుకొందురు. లోపలి గుండ్లను కన్నవారు లేరు. ముందుచక్రము మాత్రము నేలనంటి యున్నది.