పాటకూ పాటకూ నడుమ

మేడ్చల్ బస్టాండు ఎదుట భిక్షం క్యాసెట్ల దుకాణం. పొద్దున్నే షట్టర్ లేపి, అగరొత్తి ముట్టించి, జనం అడిగిన పాటలు ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించడం అతని పని. రికార్డింగ్ నడుస్తుంటే పక్కనెవరూ మాట్లాడకూడదు. పెళ్లాం నర్సమ్మ నోరు తెరిచినా సైగ చేసి ఆపేవాడు. ఆమె పాట అయ్యేదాకా ఆగి, ఇంకో పాట మొదలయ్యేలోపు చెప్పాల్సింది గబగబా చెప్పేసేది. ఊరందరికీ పాటలెక్కించిన మనిషి ఆమె గొంతు మాత్రం ఒక్కనాడూ ఎక్కించలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఎవరు రికార్డు చేస్తారు?

నర్సమ్మ పోయాక, భిక్షం ఎక్కించిన ప్రతి క్యాసెట్లోనూ పాటకూ పాటకూ నడుమ ఆమె మాట వినిపించసాగింది. ఉన్న సందులో నాలుగు మాటలకే చోటు. "బీపీ గోళేసుకున్నవా?" అనేది. "బియ్యంల పురుగు వడ్డది" అనేది. పాటలు ఎక్కించుకుపోయిన గుండ్లపోచంపల్లి గాలయ్య దుకాణం ముందు సైకిలాపి, "భిక్షమన్నా, వదినె సల్ల వోసుకొని తినమన్నది" అని చెప్పి పోయేవాడు. ఆ పూట భిక్షం మజ్జిగన్నమే తినేవాడు.

ఇంతలో ఎవరికి వారు కంప్యూటర్లలో పాటలు సీడీల్లోకి ఎక్కించుకునే రోజులొచ్చాయి. పాటల కంపెనీలకు కునుకు కరువైంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు చిన్న దుకాణాల మీద పడ్డాయి. ఒకనాడు కంపెనీ తరఫున గోపాలరావు పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు. కోస్తా మనిషి, మాట మెత్తన. ఇంకొక్క పాట ఎక్కించినా కేసేనని చెప్పాడు.

"కేసుకు భయపడ సార్. నేను ఎక్కియ్యకుంటె నర్సి మాట్లాడది," అన్నాడు భిక్షం.

సాక్ష్యం కోసం గోపాలరావు ఒక క్యాసెట్ పెట్టి విన్నాడు. పాట ముగిసింది.

"సారుకు ఛాయ్ వొయ్యి," అంది నర్సమ్మ.

గోపాలరావు కూర్చుని ఛాయ్ తాగాడు. లేచేముందు, "పాటలు మా కంపెనీవండీ. ఆవిడ మాట్లాడే చోటు మాది కాదు. అది ఎక్కించుకోండి," అన్నాడు. పాటల క్యాసెట్లన్నీ జీపులో వేయించుకుని వెళ్లిపోయాడు.

పాట లేకుండా సందెక్కడిది? భిక్షానికి ఏమీ తోచలేదు. చివరికి డెక్కు రెండు అరల్లోనూ ఖాళీ క్యాసెట్లే పెట్టి బటన్ నొక్కాడు. అలవాటుగా వేలు నోటి మీదికి పోయింది. సిగ్గుపడి దించేశాడు.

"పాటలన్ని ఒడిసినయా?" అంది నర్సమ్మ. "అయితె ఇగ నిమ్మలంగ మాట్లాడుకుందం."

పాటల వ్యాపారం పోయిందని భిక్షం ఆ తర్వాత ఎన్నడూ బాధపడలేదు. ఆ సాయంత్రం క్యాసెట్ ఒకవైపు అయిపోయేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. భిక్షం లేచి రెండోవైపు తిప్పాడు.