డప్పు దెబ్బతో కుదిరిన పాట

సకల జనుల సమ్మె రోజుల్లో కొడకండ్ల దీక్షా శిబిరంలో మార్తమ్మ ఒక పాట పాడింది. ఆ తర్వాత నెలకే గొంతులో గడ్డకు ఆపరేషన్ అయి, ఆమెకు మాట పోయింది. ఆమె గొంతు ఆ రోజు పాటను తీసిన ఒక్క వీడియోలోనే మిగిలింది. అది కూడా పాడైంది.

కూతురు సుజాత తల్లిని వెంటబెట్టుకుని జనగామలో కహ్కషాన్ నడిపే వీడియో మిక్సింగ్ షాపుకు వచ్చింది. కంప్యూటర్లో పెట్టి చూస్తే బొమ్మంతా పచ్చటి గళ్లు. పెదవులు ముందు కదులుతున్నాయి, పాట తర్వాత వినిపిస్తోంది.

"గొంతు ఎట్లాగూ పోయింది. గిది గూడ పోతే ఎట్ల అక్కా?" అంది సుజాత.

"పరేషాన్ గాకు. జర కూసో."

కహ్కషాన్ పాట మొత్తాన్ని ముందుకు జరిపింది. మొదటి చరణం కుదిరింది కానీ రెండోది మళ్లీ తప్పింది. గళ్లు పడ్డ ప్రతిచోటా కొంత బొమ్మ పోయిందని అప్పుడు అర్థమైంది. అక్కడల్లా వీడియోను కోసింది. వీడియోలో మార్తమ్మ పక్కన డప్పు కొడుతున్న భిక్షపతి చేతిని చూస్తూ, పుల్ల తగలడం, మోత వినబడటం ఒక్కటయ్యేలా ఒక్కో ముక్కనూ జరిపింది. ఖాళీల్లో అదే వీడియోలో చప్పట్లు కొడుతున్న జనం బొమ్మను పెట్టింది.

మధ్యాహ్నానికి పాట మొదటినుంచి చివరిదాకా సాఫీగా నడిచింది. మార్తమ్మ రెప్ప వేయకుండా చూసి, అయిపోగానే వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పింది.

"మల్లొక్కసారి పెట్టమంటుంది," అంది సుజాత నవ్వుతూ.

"ఎన్నిసార్లన్న పెడ్త అవ్వా!"

సుజాత కుర్చీలో వెనక్కి వాలింది. "అక్కా, పొద్దటిసంది ఏం తినలే. ఈడ బజ్జీలు యాడ దొరుకుతయి?"