జ్ఞాపకంతో కొలిచిన నడుము

టైలరు మాస్టరు కొత్త నిక్కరు పైకి లాక్కుంటూ మైదానం చుట్టూ పరుగెడుతున్నాడు. అది పరుగని ఆయన అనుకుంటున్నాడు. పాల క్యాను మోసుకుపోతున్న మనిషి ఆయన్ని దాటి వెళ్ళిపోయాడు. కాళ్ళు ఒక వరసన, పొట్ట ఇంకో వరసన కదులుతున్నాయి. గొంతులోంచి నూనె లేని తలుపు చప్పుడు.

సిగరెట్లు మానేసిన ప్రతిసారీ ఆయన మళ్ళీ పరుగు మొదలుపెడతాడు. మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక నిక్కరు కుట్టుకుంటాడు. పెళ్ళికి ముందు పందెం గెలిచిన నాటి నడుము కొలత ఆయనకు నోటికి వచ్చు. వీధిలో అందరి నడుములకూ టేపు పెట్టేవాడు తన నడుమును మాత్రం జ్ఞాపకంతో కొలుస్తాడు. బీరువా అడుగున అలాంటి నిక్కర్లు కుప్ప పడి ఉన్నాయి. ఒక్కదానికీ బొత్తాం పడదు.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చాడు.

"చూశావా, అప్పుడే తగ్గింది."

భార్య పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. "ఊపిరి వదిలి చెప్పండి."

"ఈసారి మానేసినట్టే. నీ మీద ఒట్టు."

"మీ ఒట్లకు నా తల ఎప్పుడో పగలాల్సింది. మళ్ళీ నోట్లో పొగ కంపు వస్తే మా అక్క దగ్గరికి పోతా. ఇక రాను."

అరవకుండా చెప్పింది. అరవకపోతే కోపం లేనట్టేనని ఆయన లెక్క. ఈల వేసుకుంటూ కొట్టుకు వెళ్ళాడు.

కొట్లో పగలంతా మానేసిన కబుర్లే. చొక్కా కుట్టించుకోవడానికొచ్చిన వాడికి ఊపిరితిత్తుల మీద ఉపన్యాసమిచ్చి, ఆ ఊపులో భుజానికి బదులు మెడ కొలిచాడు. పక్కన ఇస్త్రీ చేసే అతను వినీ వినీ నోరు విప్పాడు.

"మానడంలో మిమ్మల్ని మించినవాడు లేడు మాస్టారూ. నేనింతవరకూ ఒక్కసారి కూడా మానలేదు."

"మనసు గట్టిగా ఉండాలయ్యా."

"మనసు సరే. నిక్కరు గట్టిదేనా?"

సాయంత్రం మళ్ళీ మైదానం. కుర్రాళ్ళు తననే చూస్తున్నారనుకుని వేగం పెంచాడు. వాళ్ళు బంతిని చూస్తున్నారు. రెండంగలు వేశాడో లేదో, వెనక కుట్టు పర్రున చిరిగింది. అప్పుడు అందరూ చూశారు. ఆయన వెళ్ళి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. అక్కడ కాపలావాడు తీరిగ్గా సిగరెట్టు కాలుస్తున్నాడు. ఇంత అవమానం జరిగాక ఒకటి కాల్చినా ఎవరూ తప్పుపట్టరనిపించింది. అడిగి కాల్చాడు. కంగారులో రుచి తెలియలేదని ఇంకొకటి అడిగాడు.

నడుముకు తువ్వాలు చుట్టుకుని సోంపు నములుతూ వస్తుంటే ఇస్త్రీ అతను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు.

"మీ ఆవిడ వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయింది మాస్టారూ. మధ్యాహ్నం మీరు బొత్తాలు కొనడానికి పోయినప్పుడు వచ్చింది. మీ పరుగయ్యాకే ఇవ్వమంది."

"మధ్యాహ్నానికి నేనింకా కాల్చనే లేదయ్యా!"

"సాయంత్రానికి ఎటూ కాలుస్తాడు, అంతదాకా కూర్చుంటే బస్సు పోతుంది అంది."

మాస్టరుకు ఒళ్ళు మండిపోయింది. "అన్యాయం కదూ?" అంటూ దగ్గరికి జరిగాడు. ఇస్త్రీ అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇంట్లో ఆమె పెట్టె ఉండే చోట నేల తుడిచి ఉంది. దండెం మీద ఆమె ఇంట్లో తొడుక్కునే పాత నైటీ ఒకటి మిగిలింది. ఎప్పుడో ఊడిన అంచు పొడుగునా పిన్నీసులు.