కిరాయి గౌను

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కు పోయే దారిలో డోర్కాస్‌కు పెళ్లిగౌన్ల దుకాణం ఉంది. అక్కడ ఎవరికీ ముందు గౌను చూపించదు. "పెండ్లెన్నడు?" అని అడుగుతుంది. తేదీ చెప్పాకే బీరువా తెరుస్తుంది. నచ్చిన గౌనుకు పెళ్లికూతురి పేరు, తేదీ రాసిన చీటీని గుండుసూదితో గుచ్చుతుంది. శనివారం పెళ్లయితే సోమవారానికి గౌను తిరిగి రావాలి. ఉతికి, ఇస్త్రీ చేసి ఇంకో పిల్లకు ఇవ్వాలి. ఊళ్లో దుక్కిటెద్దును బదులిచ్చినట్టే ఈ వ్యాపారం. పొద్దుగూకేసరికి ఎద్దు కొట్టంలో ఉంటేనే మర్నాడు ఇంకొకరి చేను దున్నేది.

దుకాణానికి వెబ్‌సైటు కొన్నేళ్లుగా ఉంది. గౌన్ల ఫొటోలు, కింద ఫోన్ నంబరు. జనం ఫోన్ చేసేవాళ్లు, ఆమె పెండ్లెన్నడని అడిగేది. ఏ పేచీ లేదు. 2008 ఎండాకాలంలో ఆమె భర్త ఆనంద్ పాల్‌కు ఆన్‌లైన్ దుకాణం పెట్టాలని బుద్ధి పుట్టింది. వెబ్‌సైటు చేసిన రవిచంద్రే దానికి ఆ కొత్త భాగం అతికించాడు. కొండనాలుకకు మందేయడమంటే అదే.

మొదటి ఆర్డరు మెదక్ నుంచి వచ్చింది. ఇవాంజెలిన్ అనే పిల్ల డబ్బు కట్టి, 'శనివారం పెళ్లి, తొందరగా పంపండి' అని రాసింది. ముత్యాల మెడ, వెనక నేల మీద జీరాడే బారెడు గుడ్డ ఉన్న గౌను అది. డోర్కాస్ మురిసిపోయి పంపింది. పెళ్లయింది. సోమవారం పోయింది, మంగళవారం వచ్చింది, గౌను మాత్రం రాలేదు. వచ్చే శనివారం అదే గౌను విమల తొడుక్కోవాలి. ఆ పిల్ల ఎప్పుడో దుకాణానికి వచ్చి, కొలతలిచ్చి, చీటీ రాయించుకుని పోయింది.

డోర్కాస్ మెదక్‌కు ఫోన్ చేసింది. ఇవాంజెలిన్ తల్లి మేరమ్మ ఎత్తింది.

"వాపస్ పంపుడేంది? మేం కొనుక్కున్నం గద!"

డోర్కాస్ ఆ ఫోన్ పెట్టేసింది. వెంటనే రవిచంద్రను ఫోన్‌లో పట్టుకుంది.

"అందులో 'కొనండి' అన్న బటన్ ఒక్కటే ఉంటుందండీ మేడం. కిరాయికి బటన్ లేదు."

"మరి గా ముచ్చట ముందే చెప్పాలె గదయ్యా!"

"మీరు రేట్లిచ్చారు, నేను ఎక్కించానండీ. చవగ్గా ఉందని కొనేసుంటారు."

"చవగ్గా ఉండదా? అది కిరాయి రేటు!"

"కావాలంటే కింద ఒక లైను రాస్తానండీ. దానికి చార్జి వేరే..."

ఆమె ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. "విన్నవా? నీ కంప్యూటర్‌కు అమ్ముడొక్కటే తెలుసంట. అడుక్కొచ్చుడు నాకిడిసిపెట్టింది."

ఆనంద్ పాల్ హ్యాంగర్లు సర్దుతున్నట్టు నటించాడు.

మర్నాడు ఆమె మెదక్ బస్సెక్కింది. మేరమ్మ కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది, ఆ తర్వాతే బిల్లు కాగితం చేతిలో పెట్టింది.

"చదువుకున్నదానివి, నువ్వే చదువక్కా. కొన్నరు అని లేదా? పైన నీ దుకాణం పేరే గద?"

"పొరపాటైంది మేరమ్మా. శనివారం ఇంకో పిల్ల పెండ్లి. ఇదే గౌను తొడుక్కోవాలె."

"అయ్యో, పెండ్లిపిల్లను ఏడిపియ్యొద్దు. తీస్కపో."

డోర్కాస్ ఊపిరి పీల్చుకుని లేచింది.

"ఊకెనే కాదక్కా. మా చిన్నదానికి గూడ అక్కరకొస్తదని కొన్న. గావాలంటే నువ్వే కొనుక్కో."

"మీరు కట్టిన పైసలు వాపస్ ఇస్త."

"గది మా రేటు. గిప్పుడు నీ రేటు చెప్పు. కొత్తది కుట్టిస్తే ఎంతైతదో నీకు ఎరుకే గద."

"అమ్మా..." అని గొణిగింది ఇవాంజెలిన్. తల్లి కళ్లతోనే నోరు మూయించింది.

బేరం మధ్యాహ్నం దాకా సాగింది. కొత్తదాని ధరకు కాస్త అటూ ఇటూగా డోర్కాస్ తన గౌను తానే కొనుక్కుంది. మేరమ్మ అన్నం పెట్టి గాని కదలనివ్వలేదు. వాకిలి దాకా సాగనంపి, "మా చిన్నదాని పెండ్లికి నీ తాననే తీస్కుంటమక్కా. కిరాయికి," అంది.

తిరుగు బస్సులో గౌను ఒళ్లో పెట్టుకుని కూర్చుందో లేదో, రవిచంద్ర ఫోన్.

"శుభవార్త మేడం! ఇంకో ఆర్డరు పడిందండీ. అదే గౌను!"

"ఉన్నదే ఒక్కటి గదయ్యా! ఇంక చూపెట్టుడేంది?"

"స్టాకు సున్నా అని పడితే షాపు బోసిగా ఉంటుందని పది అని పెట్టానండీ."

తిట్టడానికి నోరు తెరిచింది. తిట్లకంటే ముందు చేయాల్సిన పని ఉంది. ఆర్డరిచ్చిన పిల్ల నంబరు అడిగి ఫోన్ కలిపింది. బస్సు రొదలో, ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూసేలా అరిచింది.

"బిడ్డా, పెండ్లెన్నడు?"

"గీ శనివారమే ఆంటీ. పైసలు గూడ కట్టిన."

డోర్కాస్ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టింది. సంచిలోంచి విమల చీటీ తీసి ముత్యాల మెడకు గుచ్చింది.

"గీ గౌను ఇంకో పిల్లది బిడ్డా. నీకు వేరేది ఇస్త, రేపు పొద్దుగాల్నే నాంపల్లికి రా."

"ఫొటోల గిదే ఉన్నది గద ఆంటీ! మా వాళ్లందరికీ చూపెట్టిన..." అవతల ఏడుపు మొదలైంది.

"ఏడ్వకు బిడ్డా. జర ఏడ్వకు. ముందు నీ కొలతలు చెప్పు."